రాతిలో దాగిన నీళ్లు

 ఈ ఉపన్యాసానికి ఆధారమైన ధర్మనిధి ఎవరి పేరున ఏర్పడిందో ఆయన్ని, ఆయన దగ్గర చదువుకున్న మనలో ఎవరమూ పేరు పెట్టి పిలిచి ఎరగం. మాస్టారు అనే అన్నాం. ఈ గంటసేపూ నేనూ అలాగే అంటాను.

గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో మా ఇంట్లో బిందెలోకి పట్టిన నీళ్లలో అమ్మ పటిక ముక్క పట్టుకుని నాలుగు చుట్లు తిప్పి వదిలేసేది. తెల్లారేసరికి నీళ్లు తేటపడి, అడుగున బురద పేరుకునేది. కాలేజీలో చేరిన మొదటి వారంలో మాస్టారు అదే పని ఒక గాజు జాడీలో చేసి చూపించారు. "కిందికి దిగిందేమిట్రా?" అన్నారు. "మట్టి" అన్నాం అందరం. "మట్టి దానంతట అది దిగేదయితే పటిక ఎందుకు? దగ్గరికొచ్చి చూడండి" అన్నారు. ముక్కు జాడీకి ఆనించి చూస్తే, మట్టి రేణువులను చుట్టుకుని దూది పింజల్లాంటివి మెల్లగా దిగుతున్నాయి. పటిక నీళ్లలో కరిగి, అందులోని అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా మారి, ఆ పింజలై మురికిని పోగేసుకుని అడుగుకు చేరుతుందని అప్పుడు చెప్పారు.

ఆ తెల్లటి పదార్థంతోనే నా ఉద్యోగ జీవితమంతా గడుస్తుందని ఆ రోజు నాకు తెలియదు. కడుపులో మంటకు మనం తాగే తెల్లటి మందులో సాధారణంగా ఉండే రెండు పదార్థాలు అల్యూమినియం హైడ్రాక్సైడ్, మెగ్నీషియం హైడ్రాక్సైడ్. కరెంటు వైర్ల తొడుగులు మంట అందుకోకుండా ప్లాస్టిక్‌లో కలిపే ఖనిజాల్లో ముఖ్యమైనవీ ఆ రెండే. వాటి గురించే ఇవాళ చెప్పదలచుకున్నాను.

ప్లాస్టిక్ మండుతుంది అంటాం కానీ గట్టిగా ఉన్న ప్లాస్టిక్ మండదు. వేడికి అది ముందు కరగాలి. తరువాత దాని పొడవాటి గొలుసులు తెగి, చిన్న ముక్కలై, ఆవిరిగా పైకి లేవాలి. గాలిలో కలిసి మండేది ఆ ఆవిరి. ఆ మంట వేడిలో కొంత మళ్లీ కిందికి దిగి ఇంకొంత ప్లాస్టిక్‌ను ఆవిరి చేస్తుంది. కొవ్వొత్తి వెలిగే తీరు ఇదే. పాలిథీన్ మైనానికి దగ్గరి చుట్టం కాబట్టి అది కొవ్వొత్తిలాగే, బొట్లు బొట్లుగా కారుతూ, చివరిదాకా మండుతుంది. మంటను ఆపాలంటే ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంపాలి.

అల్యూమినియం హైడ్రాక్సైడ్ పొడిని ముట్టుకుంటే పొడిపొడిగా, ముగ్గుపిండిలా ఉంటుంది. తడి ఆనవాలు కూడా ఉండదు. కానీ వేడి 200 డిగ్రీలు దాటేసరికి అది ఆ వేడిని పీల్చుకుని విడిపోయి నీటిని వదులుతుంది. బరువులో దాదాపు 35 శాతం నీరే. వైరు తొడుగుకు వాడే మిశ్రమంలో నూటికి 60 పాళ్లు ఈ పొడి ఉందనుకోండి. కిలో తొడుగులో 200 గ్రాములకు పైగా నీళ్లు, అంటే ఒక గ్లాసెడు, దాగి ఉన్నాయన్నమాట. ఆ గ్లాసెడు నీళ్లు ఆవిరైతే 350 లీటర్లు అవుతాయి. అవి మండే ఆవిరిని పలచన చేసి, మంట దగ్గరికి ఆక్సిజన్ రాకుండా అడ్డుపడతాయి. వెనక మిగిలిన అల్యూమినా తెల్లటి పెచ్చులా పైన నిలిచి లోపలి ప్లాస్టిక్‌కు వేడి తగలనివ్వదు. దాని గుల్ల ఉపరితలం మసిని కూడా కొంత పట్టుకుంటుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సెలవుకు వచ్చినప్పుడు మాస్టారికి ఇదంతా ఉత్సాహంగా చెప్పాను. ఆయన చివరిదాకా విని, "గ్రాము పాలిథీన్ మండితే 43 కిలోజౌళ్లకు పైన వేడి వస్తుంది. నీ పొడి గ్రాముకు పీల్చేది 1.2. ఏ మూలకిరా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. టేబుల్ మీదున్న శుభలేఖ తిరగేసి, వెనక పెన్సిల్‌తో లెక్క వేశారు. మంటలో పుట్టిన వేడిలో ఎక్కువ భాగం పైకే పోతుంది, ప్లాస్టిక్ మీదికి తిరిగి దిగేది కొద్ది వాటా. మనం పోల్చవలసింది మంట మొత్తం వేడితో కాదు, గ్రాము పాలిథీన్‌ను ఆవిరి చేయడానికి పట్టే వేడితో. అది సుమారు 2 కిలోజౌళ్లు. 40 పాళ్ల ప్లాస్టిక్‌కు 60 పాళ్ల పొడి కలిపితే గ్రాము ప్లాస్టిక్ వెంట గ్రామున్నర పొడి ఉంటుంది. అది పీల్చేది 1.8. అంటే మంట తనకు కావలసిన మేత సంపాదించుకోవడానికి ఇంచుమించు రెట్టింపు ఖర్చు పెట్టాలి. చిన్న నిప్పురవ్వకు, షార్ట్ సర్క్యూట్‌కు అంత స్థోమత ఉండదు. పెద్ద మంటకు ఉంటుంది. ఖనిజం పని మంటను మొదట్లోనే ఎదగనివ్వకపోవడం, మనుషులు బయటపడేందుకు నిమిషాలు సంపాదించిపెట్టడం. ఇల్లంతా అంటుకున్నాక దాన్ని ఆర్పే శక్తి దానికి లేదు. ఆ శుభలేఖ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

మంటను తగ్గించే మందుల వెతుకులాట పాతది. నాటకశాలల తెరలు తరచూ అంటుకుంటున్నాయని ఫ్రాన్సు రాజు 18వ లూయీ కోరితే, గే లుసాక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అమోనియం లవణాలు, బోరాక్సు బట్టలకు పట్టించి పరీక్షించి 1821లో ఫలితాలు ప్రకటించాడు. అదే 1821లో, అదే ఫ్రాన్సులో, పియరీ బెర్తియే అనే ఖనిజ శాస్త్రజ్ఞుడు లే బో అనే పల్లె దగ్గర ఒక ఎర్రటి రాయిలో అల్యూమినియం సమృద్ధిగా ఉందని గుర్తించాడు. ఆ పల్లె పేరే బాక్సైట్ అయింది, మన తెల్లపొడి పుట్టేది ఆ రాయి నుంచే. ఆ రెండు దారులూ కలవడానికి నూరేళ్లకు పైనే పట్టింది.

ఈలోపు ప్లాస్టిక్ యుగం వచ్చింది, దానితో పాటే హాలోజన్లు, అంటే క్లోరిన్, బ్రోమిన్, వచ్చాయి. అవి మంటలోకే దిగి, మంటను నడిపించే చురుకైన హైడ్రోజన్, హైడ్రాక్సిల్ ముక్కలను పట్టి బంధిస్తాయి. కొద్ది పాళ్లు కలిపితే చాలు. ప్లాస్టిక్ బలం పెద్దగా తగ్గదు, ధర పెద్దగా పెరగదు. పీవీసీకి ఆ కలపడం కూడా అక్కరలేదు, దాని బరువులో సగానికి పైగా, 57 శాతం, క్లోరినే. పరిశ్రమ వీటిని ఎందుకంత ఇష్టపడిందో నాకు అర్థమవుతుంది. నేనూ కొన్నేళ్లు బ్రోమిన్ మిశ్రమాలే చేశాను.

1973లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఒక రసాయనాల కంపెనీ రెండు పొడులు తయారుచేసేది. ఒకటి పశువుల దాణాలో కలిపే మెగ్నీషియం ఆక్సైడ్, పేరు న్యూట్రిమాస్టర్. రెండోది ప్లాస్టిక్‌లో కలిపే పాలీబ్రోమినేటెడ్ బైఫినైల్, పేరు ఫైర్‌మాస్టర్. బస్తాలు తారుమారయ్యాయి. మంట మందు దాణాలో పడింది. ఏమి జరిగిందో తెలిసేసరికి నెలలు గడిచాయి. పాలలో, మాంసంలో, గుడ్లలో అది రాష్ట్రమంతటికీ చేరింది. దాదాపు 30,000 పశువులను, 15 లక్షల కోళ్లను చంపి పాతిపెట్టారు. ఆ పాలు తాగిన కుటుంబాల ఆరోగ్యాన్ని దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చారు. ఈ కథలో నన్ను ఎప్పుడూ ఆపేసే సంగతి ఒకటుంది. ఆ రోజు దాణాలో పడవలసిన మెగ్నీషియం ఆక్సైడ్, మనం వైర్లలో వాడే మెగ్నీషియం హైడ్రాక్సైడ్ నీళ్లు వదిలాక మిగిలే పదార్థం, రెండూ ఒకటే. ఒకటి పశువు తిన్నా ఫరవాలేని పొడి, ఇంకొకటి తల్లి పాలలోకి చేరి ఏళ్ల తరబడి పోనిది. మంటను తగ్గించే దారులు రెండూ ఆ గోదాములో పక్కపక్కనే ఉన్నాయి.

తరువాత బ్రోమిన్ డైఫినైల్ ఈథర్లనే మరో రకం మంట మందుల వంతు వచ్చింది. స్వీడన్‌లో భద్రపరిచి ఉంచిన తల్లిపాల నమూనాలను పరీక్షిస్తే, 1972 నుంచి 1997 వరకు సుమారు ప్రతి అయిదేళ్లకూ వాటి మోతాదు రెట్టింపవుతూ వచ్చిందని తేలింది. 2009లో అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం వాటిలో కొన్నింటిని నిషేధిత జాబితాలో చేర్చింది. డెకా రకం 2017లో చేరింది. మన దేశం 2018 నిబంధనలతో ఇలాంటివి కొన్నింటిని ఆపింది.

ఇక పొగ సంగతి. మాస్టారు రాగి తీగను స్పిరిటు దీపం మీద ఎర్రగా కాల్చి, పాత వైరు తొడుగు మీద ఒత్తి, మళ్లీ మంటలో పెట్టేవారు. నీలి మంట ఒక్కసారిగా పచ్చగా, చిలకపచ్చగా మారేది. పిల్లలం కేరింతలు కొట్టేవాళ్లం. 1872 నాటి బైల్‌స్టైన్ పరీక్ష అది. క్లోరిన్ లాంటి హాలోజన్ ఉంటే ఆ రంగు వస్తుంది. "రంగు చూశారు కదా, ఇప్పుడు వాసన చూడండి" అని ఆయన తొడుగు ముక్కను మంట మీద పెట్టి వెంటనే తీసేశారు. ముక్కులో సూది గుచ్చినట్టయింది. తడి లిట్మస్ కాగితం ఎర్రబడింది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది కళ్లలోని తడితో కలిస్తే కళ్లు తెరవలేం. నల్లటి పొగలో తలుపెక్కడుందో కనబడదు.

1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది చనిపోయారు. మంట కింద ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పుట్టింది. వాళ్లలో ఎక్కువమంది కూర్చున్నది పైన బాల్కనీలో. చంపింది పొగ. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక పోయారు. ఉద్యోగం కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు. అగ్ని ప్రమాదం అనగానే మనకు కాలిన ఒళ్లు కళ్ల ముందు మెదులుతుంది. కానీ ఇలాంటి భవనాల్లో మంట ముట్టుకోని మనుషులే ఎక్కువగా పోతారు. ఈ పొగ మంటలో చిక్కుకున్నవాళ్లకే పరిమితం కాదు. పాత వైర్లను గుట్టగా పోసి తగలబెట్టి రాగి ఏరుకునే తుక్కు పనివాళ్లు దాన్ని రోజూ పీలుస్తున్నారు. వాళ్ల గురించి ఎవరూ పరీక్ష నివేదిక రాయరు.

ఖనిజంతో పని చేయడం తేలికేమీ కాదు. హాలోజన్ చిటికెడు చాలు. ఖనిజం సగానికి మించి పోయాలి. రాతి పొడిలో కాస్త ప్లాస్టిక్ కలిపి దాన్ని వైరుగా సాగదీయమన్నట్టు ఉంటుంది. మామూలు పాలిథీన్ తన పొడవుకు అనేక రెట్లు సాగుతుంది. 60 పాళ్ల పొడి పోశాక తొడుగు కనీసం 125 శాతం సాగాలని ప్రమాణాలు అడుగుతాయి. ఆ ఒక్క అంకె కోసం నేను ఎన్ని రాత్రులు మేలుకున్నానో లెక్కలేదు. రేణువులు ఒకదానికొకటి అంటుకుని ఉండ కడితే తొడుగు అక్కడే చిట్లుతుంది. ఉప్మా రవ్వను నీళ్లలో పోసే ముందు నేతిలో వేయిస్తాం కదా, ఉండ కట్టకుండా. అలాగే పొడికి ముందుగా స్టియరిక్ ఆమ్లమో సిలేనో పట్టిస్తారు. ప్లాస్టిక్‌గా కూడా ఈవీఏ లాంటి మెత్తని రకాన్ని ఎంచుకుంటారు. చెప్పుల సోళ్లకు వాడే ఆ ఈవీఏ ఎంత పొడినైనా ఓపికగా కడుపులో పెట్టుకుంటుంది.

వేడి విషయంలో ఒకసారి నేను చేసిన పొరపాటు చెబుతాను. ఒక కాంపౌండింగ్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు. పొద్దుటికి సరుకు పంపాలి. నేను స్క్రూ వేగం పెంచాను. బారెల్ మీటరు 175 డిగ్రీలే చూపిస్తోంది, నాకు ధైర్యం. లోపల ఆ పొడి రాపిడికి కరిగిన ముద్ద వేడి ఎప్పుడో 200 దాటిపోయింది. డై నుంచి నున్నగా రావలసిన దారాలు బుస్సుమంటూ, మరమరాల్లా ఉబ్బి, గరుకుగా రావడం మొదలయింది. చేతిలోకి తీసుకుంటే స్పాంజిలా ఉన్నాయి. మంట రోజున వదలవలసిన నీటిని ఆ పొడి మిషన్‌లోనే వదిలేసింది. బ్యాచి మొత్తం పక్కన పడేశాం. నైలాన్ లాంటివి 250 డిగ్రీలకు పైన కరిగించాలి కాబట్టి వాటిలో అల్యూమినియం హైడ్రాక్సైడ్ పనికిరాదు. 300 దాటితే గానీ విడిపోని మెగ్నీషియం హైడ్రాక్సైడ్ కావాలి. అది బ్రూసైట్ అనే రాయిగా నేలలోనే దొరుకుతుంది. గ్రీసు, టర్కీ కొండల్లో దొరికే హంటైట్, హైడ్రోమాగ్నెసైట్ జంట రాళ్లనూ పొడి చేసి వాడుతున్నారు. ఫాస్ఫరస్ మందుల దారి వేరు, అవీ హాలోజన్ లేనివే, వాటి జోలికి ఇవాళ వెళ్లను.

అసలు మాటకు వస్తాను. ఈ మధ్య వైర్ల దుకాణాల్లో "హాలోజన్ ఫ్రీ" అనే మాట బాగా వినబడుతోంది. మంచిదే. కానీ అది ఏమి లేదో చెప్పే మాట, ఏముందో చెప్పదు. వట్టి పాలిథీన్‌లోనూ హాలోజన్ లేదు, కొవ్వొత్తిలోనూ లేదు. ఒక పదార్థం మండుతూ ఉండడానికి గాలిలో కనీసం ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే సూచీ ఒకటి 1966 నుంచి ఉంది. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం. పాలిథీన్ సూచీ 17, 18. అంటే మామూలు గాలిలో అది హాయిగా మండుతుంది. ఖనిజం సరిగ్గా కలిపిన తొడుగు 35 దాకా వెళుతుంది. ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్, అంటే మంటను అడ్డుకుని పొగ తక్కువ వదిలేది, అని అమ్మే వైరుకు మన ప్రమాణం కనీసం 29 అడుగుతుంది. ఆ వైరు పీవీసీయే అని, దాని నుంచి ఆమ్ల వాయువు బరువులో 20 శాతం దాకా రావడానికి అనుమతి ఉందని చాలామంది ఎలక్ట్రీషియన్లకు తెలియదు. "పొగ రాదండీ" అని నమ్మకంగా చెబుతారు. వాళ్ల తప్పు కాదు, వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. హాలోజన్ లేని మంట నిరోధక వైర్లకు 2018లో ఐఎస్ 17048 అనే ప్రమాణం వేరుగా వచ్చింది. అడగవలసింది ఆ అంకె.

మోసం ఎక్కడ జరుగుతుందో కూడా చెప్పాలి. ఈ ఖనిజం ధరతో పోలిస్తే సుద్ద, అంటే కాల్షియం కార్బొనేట్, చాలా చవక. రెండూ తెల్లని పొడులే. సగం ఖనిజం తీసేసి సగం సుద్ద పోస్తే హాలోజన్ పరీక్ష పాసవుతుంది, ఆమ్లం రాదు, రాగి తీగ పచ్చబడదు. కానీ సుద్దలో నీళ్లు లేవు. మంట వచ్చిన రోజు ఆ తొడుగు నిలబడదు. ఒక సరఫరాదారు పంపిన సరుకులో నేను దీన్ని పట్టుకున్నది మాస్టారు నేర్పిన తూకం పద్ధతితోనే. వంద గ్రాముల తొడుగును మఫుల్ ఫర్నేసులో 550 డిగ్రీల దగ్గర పూర్తిగా కాల్చి బూడిద తూచాలి. 60 గ్రాముల అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఉంటే 39 గ్రాముల బూడిద మిగులుతుంది, తక్కిన 21 నీళ్లయి పోతాయి. 60 గ్రాముల సుద్ద ఉంటే 60 గ్రాములూ అలాగే ఉంటాయి, ఆ వేడికి సుద్ద చలించదు. అనుమానం తీరకపోతే బూడిద మీద చుక్క సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేయండి. సుద్దయితే బుసబుసా పొంగుతుంది. నా ముందున్న బూడిద 51 గ్రాములు తూగింది, చుక్క వేయగానే పొంగింది. దాన్ని చూస్తూ నాకు వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు. ఆ వైరు ఏ ఆసుపత్రి గోడలోకి వెళ్లేదో, ఏ హాస్టల్ కప్పులోకి వెళ్లేదో.

ఖనిజం అన్నంత మాత్రాన అంతా పవిత్రమని నేను అనడం లేదు. మంటకు చలించని ఖనిజాల్లో పేరుమోసింది రాతినార. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో దాన్ని తవ్వారు, రేకులకూ తొడుగులకూ వాడారు. దాని సన్నని పోగులు ఊపిరితిత్తుల్లో దిగబడి ప్రాణాలు తీస్తాయని తెలిసినా వదిలించుకోవడానికి చాలా దేశాలకు దశాబ్దాలు పట్టింది. బాక్సైట్ విషయంలోనూ అంతే. కొరాపుట్ కొండల బాక్సైట్ దమన్‌జోడిలో అల్యూమినాగా మారి విశాఖ రేవుకు వస్తుంది. టన్ను అల్యూమినాకు టన్నో, అంతకు మించో ఎర్రమట్టి మిగులుతుంది. 2010లో హంగరీలోని అయికాలో అలాంటి ఎర్రమట్టి చెరువు కట్ట తెగి పది మంది పోయారు. మన అరకు, అనంతగిరి, చింతపల్లి కొండల కింద బాక్సైట్ ఉంది, పైన ఆదివాసుల ఊళ్లు, వాగులు ఉన్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో వాళ్ల భూమి ప్రైవేటు గనులకు ఇవ్వకూడదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నా వైరు నగరంలో ఒక ప్రాణం కాపాడుతుందని చెప్పి ఒక ఊరి ఊట ఎండబెట్టే హక్కు నాకు లేదు. పాత వైర్ల తొడుగుల నుంచి ఈ పొడిని తిరిగి వాడుకునే పని ఇంకా పిల్ల దశలోనే ఉంది. ఇక్కడున్న పిల్లల్లో ఎవరైనా దాన్ని ఎత్తుకుంటే, నా దగ్గరున్న నోటు పుస్తకాలన్నీ ఇచ్చేస్తాను.

రేపు ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం వరకు మాస్టారి పాత లేబొరేటరీలో ఉంటాను. ఫ్యూమ్ కబోర్డు పని చేస్తోందని ప్రిన్సిపాల్‌గారు చెప్పారు. మఫుల్ ఫర్నేసు ఉంది, త్రాసు ఉంది, రాగి తీగ నేను తెస్తాను. మీ ఇంట్లో వైరింగ్ చేసినప్పుడు మిగిలిన ముక్క ఏదైనా ఉంటే జానెడు కోసి తీసుకురండి. దాని మీద అచ్చయిన అక్షరాలు చెరిపేయకండి. ముందు వాటిని చదువుదాం, తరువాత కాల్చి చూద్దాం.